నాన్న సెక్యూరిటీ గార్డు. కనీస వేతనం కేసు వేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గేటు నంబర్ 2 · జనవరి 11, రాత్రి 10:12

అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

మా నాన్నకు 54 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. జీతం ఇచ్చేది ఆసుపత్రి కాదు, ఏజెన్సీ. 2024 జులైలో చేరాడు. డ్యూటీ పొద్దున 7 నుంచి రాత్రి 7. పదిహేను రోజులకోసారి నైట్‌కి మారతాడు, అప్పుడు రాత్రి 7 నుంచి పొద్దున 7. వారం సెలవు అనేది లేదు. రాకపోతే ఆ రోజు కట్.

ప్రతి నెలా 10న అకౌంట్లో 11,342 పడుతుంది. పడిన రెండు రోజులకు సూపర్‌వైజర్ బైక్ మీద వచ్చి ఒక్కొక్కరి దగ్గర 1,500 తీసుకుని వెళ్తాడు. ఎందుకంటే "క్యాంపు ఖర్చు" అంటాడట. ఏ క్యాంపో నాన్నకే తెలియదు.

మొన్న నాన్న పీఎఫ్ పాస్‌బుక్ తీశాను. అందులో నెల జీతం 13,000 అని ఉంది. అంటే కాగితం మీద ఒక లెక్క, చేతికి ఇంకో లెక్క. దీని మీద కంప్లైంట్ ఇవ్వొచ్చా? నేను ఇవ్వొచ్చా, నాన్నే ఇవ్వాలా? నాన్నేమో "ఉన్నది కూడా పోతుంది, ఊరుకోరా" అంటున్నాడు.

పొట్టి చారి · జనవరి 11, రాత్రి 10:31

తమ్ముడూ, నాన్నగారు చెప్పిందే కరెక్ట్. మా బావమరిది ఇలాగే లేబర్ ఆఫీసు చుట్టూ తిరిగి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ రోజుల్లో పెట్రోలుకు పెట్టిన డబ్బులు కూడా రాలేదు.

మాజీ ఏఎల్‌ఓ · జనవరి 11, రాత్రి 11:05

నేను కార్మిక శాఖలో సహాయ కార్మిక అధికారిగా చేసి రిటైరయ్యాను. కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

బాబూ, నువ్వు 1,500 గురించి, పాస్‌బుక్ గురించి రాశావు. అసలు దొంగతనం వాటిలో లేదు. పన్నెండు గంటల్లో ఉంది. అది నీకు కనపడలేదు, ఎందుకంటే మన ఊళ్లో గార్డు అంటే పన్నెండు గంటలే అని అందరికీ అలవాటైపోయింది.

లెక్క చూడు. ఆ 13,000 అనేది ఎనిమిది గంటల పనికి, నెలకు 26 రోజులకు అనుకుందాం. రోజుకు 500. గంటకు 62 రూపాయల 50 పైసలు. ఎనిమిది గంటలు దాటిన ప్రతి గంటకూ రెట్టింపు ఇవ్వాలి, అంటే 125. రోజూ నాలుగు గంటలు ఎక్కువ చేస్తున్నాడు. 4 గంటలు, 26 రోజులు, 104 గంటలు. 104ను 125తో గుణించు. 13,000 వస్తుంది.

చూశావా? నాలుగు గంటల ఓటీకి (ఓవర్‌టైమ్‌కి) రెట్టింపు కడితే అది ఎనిమిది గంటల జీతంతో సమానం. అందుకే మా ఆఫీసులో అనేవాళ్లం, పన్నెండు గంటల డ్యూటీ అంటే చట్టం లెక్కలో రెండు జీతాలు అని. మీ నాన్నకు నెలకు 26,000 రావాలి. ఆదివారాలు చేసిన పని ఇందులో కలపలేదు, అది విడిగా.

అంటే నెలకు ఓటీ 13,000, వెనక్కి లాక్కున్నది 1,500. మొత్తం 14,500. 2024 జులై నుంచి 2025 డిసెంబరు దాకా 18 నెలలు. 2,61,000.

ఇంకో సంగతి. నెల జీతం మరుసటి నెల 7వ తేదీ లోపు పడాలి. 10న వేయడమూ తప్పే.

ఆ 13,000 అయినా సెక్యూరిటీ సర్వీసెస్‌కి ప్రభుత్వం నోటిఫై చేసిన రేటుకు సరిపోతుందా లేదా ముందు చూసుకో. ఏప్రిల్ 1, అక్టోబర్ 1, ఏడాదికి రెండుసార్లు కరువు భత్యం మారుతుంది. ప్రతి ఆరు నెలలకూ ఆ కాలానికి ఏ రేటో కార్మిక శాఖ పట్టిక నుంచే తీసుకోవాలి. చాలామంది ఇవాళ్టి రేటుతో మొత్తం 18 నెలలకూ లెక్క వేసుకొస్తారు. అవతలి వకీలు మొదటి వాయిదాలోనే దాన్ని తుడిచేస్తాడు.

గేటు నంబర్ 2 · జనవరి 11, రాత్రి 11:20

సార్, 2,61,000 అని చూసి నాన్నకు చూపించాను. నమ్మలేదు. "ఎవరో ఆట పట్టిస్తున్నారు నిన్ను" అన్నాడు.

ఏజెన్సీ బాబాయ్ · జనవరి 12, ఉదయం 8:47

ఇక్కడ అందరూ రాళ్లేస్తారని తెలిసే రాస్తున్నాను. నాకూ చిన్న మ్యాన్‌పవర్ ఏజెన్సీ ఉంది. 140 మంది. నేను 1,500 వెనక్కి తీసుకునే రకం కాదు, అది దొంగతనం, దాన్ని సమర్థించను.

కానీ ఆ ఓటీ లెక్క మా దగ్గరికి తెచ్చే ముందు క్లయింట్ ఏం అడుగుతాడో తెలుసుకోండి. "12 గంటల పాయింట్‌కి రేటు ఎంత?" అని అడుగుతాడు. పాయింట్ అంటే గార్డు నిలబడే చోటు. నేను చట్టం ప్రకారం కొటేషన్ ఇస్తే జీతం 26,000, మా వాటా పీఎఫ్ 13 శాతం, ఈఎస్‌ఐ 3.25 శాతం, యూనిఫాం, రిలీవర్ (సెలవులో బదులు వచ్చే గార్డు), మా సర్వీసు చార్జీ. ఇవన్నీ కలిపి 32, 33 వేల దాకా పోతుంది. పక్కవాడు 19,500కి ఇస్తాడు. ఎవరికి వస్తుంది పాయింట్? ఆ 19,500లో గార్డుకు ఎంత పోతుందో కొటేషన్ తీసుకునేవాడికి లెక్క రాదా? బ్యాంకులు, ఆసుపత్రులు, కాలేజీలు అందరూ చదువుకున్నవాళ్లే. పైగా బిల్లు 60 రోజులకు, 90 రోజులకు పాస్ చేస్తారు. నేను మాత్రం 7వ తేదీకి జీతాలు వేయాలి.

పొట్టి చారి · జనవరి 12, ఉదయం 9:02

బాబాయ్, అప్పుడు మూడు షిఫ్టులు పెట్టండి. ఎనిమిది గంటలకో మనిషి. ఓటీ గొడవే ఉండదు కదా.

ఏజెన్సీ బాబాయ్ · జనవరి 12, ఉదయం 9:15

పెడతాను. క్లయింట్ ఒప్పుకోవాలి. గార్డులూ కొందరు ఒప్పుకోరు, ఎనిమిది గంటల జీతంతో హైదరాబాద్‌లో రూమ్ అద్దె కూడా వెళ్లదు. ఒక చోట డ్యూటీ దిగి ఇంకో చోట ఎక్కుతారు. దాన్ని వాళ్లే "డబుల్" అంటారు. మా కుర్రాడొకడు 36 గంటలు నిద్ర లేకుండా చేసి గేటు దగ్గర పడిపోయాడు.

బీడీల బిడ్డ · జనవరి 12, మధ్యాహ్నం 1:30

మాది నిజామాబాద్ వైపు. మా అమ్మ బీడీలు చేస్తుంది. అక్కడ గంటలే ఉండవు, వెయ్యి బీడీలకు ఇంత అని రేటు. ఆ రేటు జీవో ప్రకారమే ఉంటుంది, అందులో దొంగతనం కనపడదు.

దొంగతనం ఆకులో ఉంటుంది. వెయ్యి బీడీలకని తూకం వేసి ఇచ్చే తునికాకు వెయ్యికి రాదు. చినిగిన ఆకు, పురుగు పట్టిన ఆకు అందులోనే కలిపి ఇస్తారు. కొరత పడితే అమ్మే బయట కొని వెయ్యి నింపాలి. తర్వాత టేకేదారు, అంటే కంపెనీకి బీడీలు చేయించే కాంట్రాక్టరు, కట్టలు విప్పి, నచ్చని బీడీలు ఛాట్ అని పక్కకు తీస్తాడు. ఆ ఛాట్ పారేయరు, మనకు తిరిగి ఇవ్వరు, లెక్కలో మాత్రం ఉండవు. చిన్నప్పుడు నా పని ఆకు కత్తిరించడం. కత్తెర పట్టుకునే వేలి మీద కాయ ఇప్పటికీ ఉంది.

ఇది ఏ ఆఫీసర్ రిజిస్టర్‌లోనూ కనపడదు. అందుకే అన్నా, మీ నాన్నకు అకౌంట్లో పడే కాగితం ఉంది, పీఎఫ్ ఉంది. అది అదృష్టమే.

గుంటూరు ఘాటు · జనవరి 12, మధ్యాహ్నం 2:10

నిజమే అక్కా. మా వైపు మిరపకాయ తొడిమలు తీసే ఆడవాళ్లకూ కిలోల లెక్కే. దుమ్ముకు దగ్గుతూ సాయంత్రం దాకా తీస్తే వచ్చేది చూస్తే, రోజు కూలీ రేటు దరిదాపుల్లో కూడా ఉండదు. కిలోల లెక్కన ఇచ్చినా రోజు కనీస కూలీ తగ్గకూడదని కదా చట్టం? ఏఎల్‌ఓ గారూ, కరెక్టేనా?

మాజీ ఏఎల్‌ఓ · జనవరి 12, సాయంత్రం 6:20

పీస్ రేటుకే కనీసం ఖరారు చేసిన పనులు కొన్ని ఉన్నాయి, బీడీ లాంటివి. మీరు చెప్పినట్టు పీస్ లెక్కన పని చేయించుకున్నా గంటల లెక్కన కనీస వేతనం నోటిఫై అయి ఉంటే ఆ కనీసానికి తగ్గకూడదు. ఎండలో కూర్చోబెట్టి, పని లేదని మధ్యాహ్నం పంపేసినా, అతను పనికి సిద్ధంగా ఉన్నాడంటే రోజు కూలీ ఇవ్వాలి. ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయి.

పుస్తకానికీ రోడ్డుకీ మధ్య దూరం గురించి ఒకటి చెప్తాను. ఒకసారి ఒక రైసు మిల్లుకు తనిఖీకి వెళ్లాను. రిజిస్టర్ అద్దంలా ఉంది. పన్నెండు నెలలు, పంతొమ్మిది మంది, ఎక్కడా కొట్టివేత లేదు. పేజీలు తిప్పుతుంటే జనవరి సంతకాల మీద టీ మరక. ఫిబ్రవరి పేజీలో అదే చోట అదే మరక, కొంచెం లేతగా. మార్చిలో ఇంకా లేతగా. జూన్ దాకా దిగింది. అంటే పుస్తకం తెరిచి ఒకేసారి కూర్చోబెట్టి సంతకాలు పెట్టించుకుంటూ టీ తాగారన్నమాట. ఆ మరకనే రిపోర్టులో రాశాను. మా పై అధికారి నవ్వి సంతకం పెట్టారు.

అలాంటివి దొరికితే దొరుకుతాయి. ఒక్క మనిషికి ఎన్ని మండలాలో, దాని పైన భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు పని. నేను ఏ దుకాణానికి మళ్లీ వెళ్లేసరికి మూడేళ్లు పట్టేదో నాకే తెలుసు, దుకాణదారుకు ఇంకా బాగా తెలుసు.

నల్లకోటు · జనవరి 12, రాత్రి 9:40

వృత్తిరీత్యా లాయర్ని. చట్టం సంగతి నేను రాస్తాను.

1948 కనీస వేతనాల చట్టం స్థానంలో 2019 వేతనాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. మార్పు కాలంలో పాత నిబంధనలు, పాత యంత్రాంగం కొనసాగుతాయని కేంద్రం అప్పుడే చెప్పింది. కాబట్టి "కొత్త చట్టం వచ్చింది, ఇప్పుడేం చేయలేం" అని ఎవరన్నా అంటే నమ్మకండి.

పాత చట్టంలో క్లెయిమ్ వేయడానికి జీతం రావాల్సిన రోజు నుంచి ఆరు నెలలే గడువు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం అథారిటీకి, అంటే క్లెయిమ్ విచారించే అధికారికి, ఉండేది. కొత్త కోడ్‌లో గడువు మూడేళ్లు. మీ నాన్నగారి బాకీ ఎక్కువ భాగం పాత చట్టం నడిచిన కాలానిది. దానికి మూడేళ్ల గడువు వర్తించదని అవతలివాళ్లు కచ్చితంగా వాదిస్తారు. నా సలహా: 18 నెలలకూ కలిపి క్లెయిమ్ వేయండి, దానితోపాటు ఆలస్యం మన్నించమని ఒక పిటిషన్ విడిగా పెట్టండి. తర్వాత గుర్తొచ్చి పెడితే బేరానికి వచ్చినట్టు ఉంటుంది.

కనీస రేటు కన్నా తక్కువిచ్చిన కేసుల్లో నష్టపరిహారం రెండు చట్టాల్లోనూ ఒకటే. తక్కువిచ్చిన మొత్తం కాక, దానికి పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం ఉంది. "దాకా" అనే మాట గుర్తుపెట్టుకోండి. పదింతలు వస్తుందని ఇంట్లో చెప్పుకోకండి.

శిక్ష సంగతి వింటే నవ్వొస్తుంది. 1948 చట్టం చివరి రోజు దాకా తక్కువ జీతం ఇచ్చినవాడికి జరిమానా 500 రూపాయల దాకా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆరు నెలల జైలుకు ఎవరూ వెళ్లరు, మిగిలింది 500. ఆ చట్టం పుట్టినప్పుడు అది చిన్న మొత్తం కాదు. కొత్త కోడ్‌లో అది 50,000 దాకా అయింది, అయిదేళ్లలో మళ్లీ చేస్తే మూడు నెలల జైలు లేదా లక్ష దాకా జరిమానా లేదా రెండూ.

మీకు పనికొచ్చేది వేరే ఉంది. జీతం ఇచ్చామని నిరూపించాల్సిన భారం కోడ్ ప్రకారం యజమాని మీదే. ఇంకోటి, ఏజెన్సీ కట్టకపోతే ఆ పని జరిగే సంస్థ యజమాని, మీ కేసులో ఆసుపత్రి, కట్టాలి. కాబట్టి ఆసుపత్రిని కూడా ప్రతివాదిగా చేర్చండి. చేర్చిన రోజు నుంచి ఏజెన్సీ మాట తీరు మారిపోతుంది, చూడండి.

గేటు నంబర్ 2 · జనవరి 12, రాత్రి 10:05

నల్లకోటు గారూ, నేను వేయొచ్చా నాన్న బదులు?

నల్లకోటు · జనవరి 12, రాత్రి 10:18

కోడ్ ప్రకారం కార్మికుడు వేయొచ్చు, అతను సభ్యుడిగా ఉన్న రిజిస్టర్డ్ యూనియన్ వేయొచ్చు, ఇన్‌స్పెక్టర్ తానే వేయొచ్చు. కొడుకు అని రాసి లేదు. నాన్నగారే సంతకం పెట్టాలి, లేదా యూనియన్‌లో చేరాలి.

ఎర్ర రుమాలు · జనవరి 12, రాత్రి 11:30

యూనియన్‌లో చేర్పించండి. ఒక్కడిగా వెళ్తే "అతనొక్కడే ఎందుకు గొడవ చేస్తున్నాడు" అంటారు. ఆ గేట్ల దగ్గర ఉన్న గార్డుల్లో నలుగురు కలిసినా చాలు.

ఆ 1,500 సంగతి చూస్తే నాకు 1982 ఏషియాడ్ (ఆసియా క్రీడల) కేసు గుర్తొచ్చింది. ఢిల్లీలో స్టేడియాలు, ఫ్లైఓవర్లు కట్టిన కూలీలకు రోజు కనీస కూలీ 9 రూపాయల 25 పైసలు. కాంట్రాక్టర్లు ఆ మొత్తం కూలీలను తెచ్చే జమాదార్లకు ఇస్తే, జమాదారు మనిషికి ఒక రూపాయి కమీషన్ పట్టుకుని 8 రూపాయల 25 పైసలు చేతిలో పెట్టేవాడు. పౌరహక్కుల వాళ్లు రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుంది. కనీస కూలీకి తక్కువిచ్చి పని చేయించుకోవడం వెట్టి చాకిరీయే, రాజ్యాంగం 23వ అధికరణకు విరుద్ధమని జస్టిస్ భగవతి తీర్పు. ఆ రూపాయి ఇప్పుడు 1,500 అయింది, జమాదారు బైకు కొన్నాడు. అంతే తేడా.

ఒక హెచ్చరిక. కేసు వేశాక తెల్ల కాగితం మీద, "నాకు రావాల్సినవన్నీ ముట్టాయి" అని సంతకం అడుగుతారు. చట్టం ఇచ్చిన జీతాన్ని వదులుకుంటున్నానని రాసుకున్న ఒప్పందం చెల్లదు, పాత చట్టంలోనూ కొత్తదాంట్లోనూ. కానీ "ముట్టాయి" అని రాస్తే అది వదులుకోవడం కాదు, రసీదు. దాన్ని కొట్టేయించడానికి ఏడాది పడుతుంది. చదవకుండా పెన్ను పట్టొద్దని నాన్నకు చెప్పండి.

లీడ్స్ లలిత · జనవరి 13, ఉదయం 5:50

నేను బ్రిటన్‌లో కేర్ వర్కర్‌ని, వయసు మళ్లినవాళ్ల ఇళ్లకు వెళ్లి చూసుకునే పని. ఇక్కడ జరిగింది చెప్తాను, పోల్చుకోవడానికి.

ఒక ఇంట్లో అరగంట, తర్వాత బస్సులో ఇరవై నిమిషాలు, ఇంకో ఇంట్లో అరగంట. మా కంపెనీ ఇళ్లలో ఉన్న అరగంటలకే కట్టేది. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లే టైమూ పనే అని ఇక్కడి చట్టం. అది కలిపి భాగిస్తే 2025 రేటు ప్రకారం గంటకు ఉండాల్సిన 12.21 పౌండ్లకు బాగా కింద పడింది.

ఇక్కడ తేడా ఏమిటంటే, నా కేసు పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీయే చూసింది. నా పేరు యజమానికి చెప్పకుండా వాళ్లు నేరుగా రికార్డులు అడిగారు. ఆరేళ్ల వెనక్కి చూడగలరు. నా ఒక్కదానిదే కాదు, అందరి లెక్కా తీశారు. బాకీ ఇప్పటి రేటుతో కట్టాలి, దాని మీద ప్రభుత్వానికి 200 శాతం జరిమానా, మనిషికి 20,000 పౌండ్ల దాకా. తర్వాత ఆ కంపెనీల పేర్లు జాబితాగా బయట పెడతారు. పెద్ద పెద్ద షాపుల పేర్లు కూడా అందులో వస్తుంటాయి, సిగ్గుతో కట్టేస్తారు.

కానీ ఇక్కడ స్వర్గం అనుకోకండి. నా వీసా ఆ యజమాని స్పాన్సర్‌షిప్ మీద ఉంది. అది పోతే ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవడానికి ఇచ్చేది సాధారణంగా 60 రోజులు. నాతో పనిచేసే ఇద్దరు తెలుగువాళ్లు అందుకే నోరు తెరవలేదు. మీ నాన్నగారి భయం నాకు బాగా తెలుసు.

మాజీ ఏఎల్‌ఓ · జనవరి 13, ఉదయం 9:10

లలిత గారు రాసినదాంట్లో ఒక్క ముక్క మీద నాకు అసూయ. "నా ఒక్కదానిదే కాదు, అందరి లెక్కా తీశారు." మా చట్టంలోనూ ఇన్‌స్పెక్టర్‌కి ఆ అధికారం ఉంది. వాడినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నేనూ రెండు మూడుసార్లే వాడాను. ఇప్పుడైతే ఇన్‌స్పెక్టర్ పేరే "ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్" చేశారు, ఏ సంస్థను తనిఖీ చేయాలో కంప్యూటర్ తేల్చే పద్ధతి. అవినీతి తగ్గుతుందని చెప్పారు, తగ్గొచ్చు. కానీ పన్నెండు గంటలు నిలబడ్డ మనిషి కాళ్ల వాపు కంప్యూటర్‌కు కనపడదు.

కోశాధికారి బి బ్లాక్ · జనవరి 13, రాత్రి 8:25

ఏజెన్సీ బాబాయ్ పోస్టు చదివాక నిన్నటి నుంచి మనసు బాగాలేదు. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కలు నేనే చూస్తాను. మాకు 96 ఫ్లాట్లు, మూడు పాయింట్లు, రెండు షిఫ్టులు, ఆరుగురు గార్డులు. ఒక్కొక్కరికి ఏజెన్సీకి మేం కట్టేది సరిగ్గా 19,500, పైన 18 శాతం జీఎస్‌టీ. మూడు కొటేషన్లు తీసుకుని తక్కువది పట్టుకున్నాం. అది తక్కువ ఎలా అయిందో ఏ మీటింగ్‌లోనూ ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఈ రోజు పొద్దున కింద గార్డుకు టీ ఇచ్చి అడిగాను. 12,400 వస్తుందట చేతికి.

మూడు షిఫ్టులు చేస్తే తొమ్మిది మంది కావాలి. ముగ్గురు ఎక్కువ, 58,500. ఫ్లాట్‌కి 610 దాకా పెరుగుతుంది, జీఎస్‌టీ కాకుండా. మా గ్రూపులో ఈ లెక్క పెట్టాను. మొదటి రిప్లై: "రాత్రి నిద్రపోయేవాళ్లకి ఓటీ కూడానా?" పెట్టింది సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజర్. దానికి పదకొండు బొటనవేళ్లు.

ఏజెన్సీ బాబాయ్ · జనవరి 13, రాత్రి 8:40

ఆ పదకొండు మందీ మా క్లయింట్లే సార్ 🙏

పొట్టి చారి · జనవరి 13, రాత్రి 9:00

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ "సంస్థ" కిందకు వస్తుందా అసలు? లాయర్ గారూ?

నల్లకోటు · జనవరి 13, రాత్రి 9:22

వాదించుకోవచ్చు, రెండు వైపులా మాట్లాడేవాళ్లున్నారు. ఏజెన్సీ మాత్రం తప్పించుకోలేదు, అది వ్యాపారమే. మొదట గేటు నంబర్ 2 సంగతి తేలనివ్వండి. తమ్ముడూ, ఇప్పుడు అసలు ప్రశ్న. పన్నెండు గంటలు చేశాడని నీ దగ్గర రుజువేంటి? భారం యజమానిదే అయినా, వాళ్లు ఎనిమిది గంటల హాజరు పట్టీ తెచ్చి బల్ల మీద పెడతారు. అప్పుడు నువ్వేం చూపిస్తావు?

గేటు నంబర్ 2 · జనవరి 14, ఉదయం 7:35

భోగి శుభాకాంక్షలు అందరికీ. నాన్న భోగి మంటకు కూడా లేడు, డ్యూటీ.

రుజువు గురించి రాత్రి నాన్నను అడిగాను. హాజరు పట్టీ వాళ్ల దగ్గరే ఉంటుందట. తర్వాత మాటల్లో మామూలుగా అన్నాడు, "రోజూ ఫొటో పెడతాం కదా" అని. ఏ ఫొటో అంటే, ఏజెన్సీ వాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది. డ్యూటీ ఎక్కగానే యూనిఫాంలో సెల్ఫీ, దిగేటప్పుడు మళ్లీ సెల్ఫీ. పెట్టకపోతే ఆబ్సెంట్. పద్దెనిమిది నెలలుగా రోజుకు రెండు. ఫోన్‌లో స్టోరేజి నిండిపోయిందని మొన్న నన్నే డిలీట్ చేయమన్నాడు, నేనే బద్ధకించాను.

తెరిచి చూశాను. 6:54, 19:08. 6:51, 19:11. ఇలా వందల కొద్దీ. వెనక ఆసుపత్రి బోర్డు, క్యాజువాలిటీ దారి చూపించే బాణం. కొన్నిట్లో నాన్న కళ్లు సగం మూసుకుపోయి ఉన్నాయి.

ఇంకోటి గుర్తొచ్చింది. ఆ 1,500 రెండుసార్లు నాన్న దగ్గర నగదు లేకపోతే నా ఫోన్‌పే నుంచే సూపర్‌వైజర్‌కి పంపాను. హిస్టరీలో ఉంది.

మాజీ ఏఎల్‌ఓ · జనవరి 14, ఉదయం 7:50

ఫోన్ ఎవరికీ ఇవ్వకు!! రిపేరుకు కూడా ఇవ్వకు. మొత్తం చాట్ ఎక్స్‌పోర్ట్ చెయ్, ఫొటోలతో సహా. కంప్యూటర్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి. తర్వాత కూర్చుని ఒక నోట్ పుస్తకంలో తేదీ, ఎక్కిన టైము, దిగిన టైము, గంటలు, ఇలా నాలుగు గళ్లు గీసి రాయి. నెల నెలకూ కింద టోటల్. బల్ల అవతల కూర్చున్న అధికారికి పెన్‌డ్రైవ్ కన్నా ఆ పుస్తకం ఎక్కువ పనికొస్తుంది. నా అనుభవం.

నలభై ఏళ్లలో గార్డు కేసుల్లో నేను చూసిన రుజువులన్నీ యజమాని రాసుకున్నవే. ఇది కూడా ఒక రకంగా యజమాని రాయించుకున్నదే.

నల్లకోటు · జనవరి 14, ఉదయం 8:30

ఫోన్ కూడా దాచండి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలి, అది నేను రాసిస్తాను. ఫీజు వద్దు. గారెలు పెట్టించండి చాలు.

ఎర్ర రుమాలు · జనవరి 14, ఉదయం 11:00

అదే గ్రూపులో మిగతా గార్డుల ఫొటోలూ ఉంటాయి కదా. ఒక్క ఎక్స్‌పోర్ట్‌లో అందరి హాజరూ వచ్చేసింది. వాళ్లకు చెప్పారా?

గేటు నంబర్ 2 · ఫిబ్రవరి 22, రాత్రి 9:15

ఆలస్యానికి క్షమించండి. జరిగింది చెప్తాను.

జనవరి 28న దరఖాస్తు ఇచ్చాం. ముగ్గురు గార్డులు కలిశారు. నాలుగో ఆయన సంతకం పెట్టే రోజు పొద్దున కూతురు పెళ్లి ఉందని వెనక్కి తగ్గాడు, తప్పు పట్టలేం. ఎర్ర రుమాలు అన్న చెప్పిన యూనియన్ ద్వారానే వేశాం, ఆసుపత్రిని రెండో ప్రతివాదిగా చేర్చాం.

నోటీసు వెళ్లిన మూడో రోజు నాన్నను గ్రూపులోంచి తీసేశారు. ఆ తర్వాత వారం నగరం అవతల ఒక గోడౌన్‌కి పాయింట్ మార్చారు, రెండు బస్సులు మారాలి. నాన్న వెళ్తున్నాడు. అక్కడా సెల్ఫీలు తీసుకుంటున్నాడు, గ్రూపు లేకపోయినా. నాకు పంపుతున్నాడు.

మొన్న మొదటి వాయిదా. ఏజెన్సీ తరఫున వచ్చిన ఆయన లోపల ఏం మాట్లాడలేదు, టైమ్ అడిగాడు. వరండాలో మాత్రం నాన్న భుజం మీద చెయ్యేసి "అన్నా, తలా నలభై వేలు, ఇప్పుడే" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నాన్న వెంటనే ఏం అనలేదు. జేబులోంచి నోట్ పుస్తకం తీసి చివరి పేజీ టోటల్ చూపించి, "నా లెక్క ఇదండీ" అన్నాడు. జనవరి 11 రాత్రి నమ్మనన్న మనిషే.

ఆసుపత్రి నుంచి హెచ్‌ఆర్ మేడమ్ వచ్చింది. ఏజెన్సీ ఆయనతో పక్కకు వెళ్లి చాలాసేపు మాట్లాడింది.

తర్వాతి వాయిదా మార్చి 12, ఉదయం 11 గంటలకు.

పొట్టి చారి · ఫిబ్రవరి 22, రాత్రి 9:30

నలభై వేలకు ఒప్పుకోవద్దు తమ్ముడూ. మొదటి రోజు నేను రాసింది పట్టించుకోకు.

కోశాధికారి బి బ్లాక్ · ఫిబ్రవరి 22, రాత్రి 9:48

మా దగ్గర ఓటింగ్ అయింది. మూడు షిఫ్టులు ఓడిపోయింది, 31కి 44. కానీ ఏజెన్సీ నెల నెలా జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్ చూపిస్తేనే బిల్లు పాస్ చేయాలని తీర్మానం నెగ్గింది. ఫిబ్రవరిలో వచ్చిన బిల్లు ఇంకా నా టేబుల్ మీదే ఉంది. స్లిప్పులు రాలేదు.

మాజీ ఏఎల్‌ఓ · ఫిబ్రవరి 22, రాత్రి 10:02

మార్చి 12న నేను వస్తాను బాబూ. లోపలికి రాను, వరండాలో కూర్చుంటాను. ఆ బెంచీ నాకు అలవాటే. నాన్నగారిని ఆ పుస్తకం తప్ప ఇంకేం పట్టుకురావద్దని చెప్పు.